ఏదీ వదలొద్దు పాపా

ముదిగుబ్బ,
ఆదివారం పొద్దున.

చిరంజీవి మనవరాలికి తాత ఆశీస్సులు.

మీ అవ్వ పక్కనే కూచోని బుడ్డలు ఒలుస్తా ఉంది. అన్నిటికంటే ముందు తిండి సంగతి అడగమంటోంది. బెల్లం పాకం పట్టి ఉండలు చేసి మీ అమ్మ చేతికిచ్చి పంపిస్తుందట. రూములో పిల్లలందరికీ పంచు గానీ నీకు నాలుగన్నా మిగుల్చుకో.

మొన్న ఫోన్లో నువ్వు మాట్లాడింది ఐదు నిమిషాలు. రెండు నిమిషాలు నవ్వి మూడు నిమిషాలు ఏడ్చావని మీ అమ్మ చెప్పింది. నవ్వింది ఎందుకో తెలిసి ఇల్లంతా సంబరపడ్డాం. జిల్లా మీట్‌లో లాంగ్ జంప్ ఫస్టు, 800 మీటర్లు ఫస్టు, 200 మీటర్లలో రెండో స్థానం, పైగా ఖోఖోలో మీ జట్టే గెలిచింది. ఇండివిడ్యువల్ ఛాంపియన్‌షిప్ కప్పు చేతిలో పట్టుకున్న నీ ఫోటో మీ అమ్మ ఫోన్లో చూశాను. కప్పు నీ మోకాలంత ఎత్తుంది. నీ మోకాలికి మట్టి అలాగే ఉంది, కడుక్కోకుండానే ఫోటోకి నిలబడ్డావు. ఆ మట్టిని చూసే నాకు ఎక్కువ ముచ్చటేసింది.

ఏడ్చింది ఎందుకో కూడా చెప్పింది. మీట్ అయిన మర్నాడే మీ సారు పిలిచి, 'ఇన్ని ఆడితే ఏదీ రాదు, ఒక్కటి తేల్చుకో, మిగతావి మానెయ్, వారంలో చెప్పు' అన్నారంట. ఖోఖో మానితే స్నేహితురాళ్లు చిన్నబుచ్చుకుంటారు, లాంగ్ జంప్ మానడానికి నీకే మనసు రాదు, 800 మానితే ఆ పతకం ఇంకెవరో పట్టుకుపోతారు. ఇదీ నీ దిగులు.

ఆ మాట అన్నవాళ్ల మీద కోపం తెచ్చుకోవద్దు. నీ మంచి కోరే అన్నారు. ముప్పై ఏళ్లు డ్రిల్లు సారుగా చేసినవాణ్ని, సున్నం గీతలు గీసీ గీసీ నా అరచేతులు ఇప్పటికీ పొలుసులే. అదే మాట నేను కూడా పిల్లలతో అన్నాను. అందులో ఒకడి సంగతి మీ అమ్మకు కూడా ఎప్పుడూ చెప్పలేదు. నీకు చెప్పాలి.

తొమ్మిదో తరగతి పిల్లోడు. సన్నగా, పొడుగ్గా, చింతచెట్టు కొమ్మ మీద నుంచి దూకితే చప్పుడు లేకుండా నేలమీద వాలేవాడు. పరిగెత్తేవాడు, ఎగిరేవాడు, సాయంత్రమైతే వాలీబాల్ నెట్ దగ్గర పెద్ద క్లాసు పిల్లలతో సమానంగా స్మాష్ కొట్టేవాడు. ఒక మీట్‌లో 1500 మీటర్లలో రెండో వాడికి, వీడికి మధ్య ముప్పై అడుగులుంది. అది చూసి నా కళ్లు మూసుకుపోయాయి. వాలీబాల్ మాన్పించాను. గెంతులు మాన్పించాను. పొద్దునా సాయంత్రం కదిరి రోడ్డు మీద ఒకటే పరుగు. తారు రోడ్డు, కాన్వాస్ బూట్లు, రోజూ అదే దారి, అదే వేగం. రెండు నెలలకి పిక్క ముందు ఎముక నొప్పి అన్నాడు. ఓర్చుకోమన్నాను. ఇంకో మూడు వారాలకి కాలు కింద పెట్టలేకపోయాడు. ఎక్స్‌రే తీస్తే ఎముకలో వెంట్రుకంత చీలిక. దెబ్బ తగిలి వచ్చింది కాదు, ఒకే చోట ఒకే బరువు వేల సార్లు పడి వచ్చింది.

మూడు నెలలు మంచం. చీలిక మానింది. అయినా వాడు గ్రౌండుకి మళ్లీ రాలేదు. పరుగుకి రాకపోతే పోనీ, వాలీబాల్‌కన్నా వస్తాడని చూశాను. దానికీ రాలేదు. పొద్దున్నే లేచి గ్రౌండుకి పరిగెత్తుకు రావాలనిపించేది వాడికి ఆ వాలీబాల్ వల్లే అని, అది ఉంది కాబట్టే నా 1500 కూడా వాడు ఓర్చుకున్నాడని అప్పటికి గానీ నాకు తెలియలేదు. ఇప్పుడు బెంగళూరులో ఉంటాడు. ఉగాదికి వస్తే బస్టాండు దగ్గర కనపడి వంగి దండం పెడతాడు. ఆ దండం తీసుకోవడం నాకు ఎంత కష్టమో చెప్పలేను.

అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను. పదిహేనేళ్లకి ఏదీ వదలొద్దు పాపా. తేల్చుకునే వయసు వస్తుంది, ఇంటర్ అయ్యాక, పద్దెనిమిది దాటాక వస్తుంది. అప్పుడు నీ ఒళ్లే చెబుతుంది. ఇప్పుడు ఎముక ఇంకా పెరుగుతోంది, చివర్లు ఇంకా గట్టిపడలేదు. ఈ వయసులో రకరకాల ఆటలాడితే బరువు ఒళ్లంతా పంచుకుపోతుంది. ఖోఖోలో వంగి లేస్తావు, లాంగ్ జంప్‌లో ఒంటికాలి మీద ఎగురుతావు, కబడ్డీలో పక్కకి తోస్తావు. అన్నీ వేరే వేరే కండలు, వేరే వేరే కీళ్లు. ఒకటి పనిచేస్తుంటే ఇంకొకటి సేదదీరుతుంది. జిమ్నాస్టిక్స్‌ లాంటివి కొన్ని పసితనంలోనే పట్టుకోవాలి, అది వేరే లెక్క. పరుగు, గెంతు, విసురు, వీటికి ఆ తొందర లేదు.

ఇంకో సంగతి. నీకు వచ్చిన ఈ 'అన్నీ ఆడటం' అనేది ఒక జబ్బు అన్నట్టు మాట్లాడుతున్నారు గదా. దానికోసమే ఒక ఈవెంటు ఉందని, అందులో మన తెలుగు పిల్ల ఆసియా మొత్తానికీ మొదటి స్థానంలో నిలబడిందని మీ హాస్టల్లో ఎంతమందికి తెలుసో. హెప్టాథ్లాన్. ఏడు ఈవెంట్లు, రెండు రోజులు. మొదటి రోజు 100 మీటర్ల హర్డిల్స్, హైజంప్, షాట్‌పుట్, 200 మీటర్లు. రెండో రోజు లాంగ్ జంప్, జావెలిన్, ఆఖర్న 800 మీటర్లు. ఏ ఈవెంట్లో ఎంత చేశావన్నదానికి పాయింట్లు. ఏడింటినీ కూడితే వచ్చేదే నీ లెక్క. ఒక్కదాంట్లో కూడా ఫస్టు రాకుండా మొత్తం మీద గెలవొచ్చు. ఏడింటిలో ఒక్కటి చేతకాకపోయినా ఓడిపోవచ్చు.

ఆ పిల్ల పేరు అగసర నందిని. తెలంగాణ పిల్ల. నీలాగే గురుకులంలో చదువుకుంది, హైదరాబాదు పక్కన నార్సింగిలో సాంఘిక సంక్షేమ గురుకులం. వాళ్ల నాన్న టీ అమ్మి కుటుంబాన్ని నడిపిన మనిషి. ముందు ఆమె హర్డిల్స్ పిల్ల, 2021లో నైరోబిలో జరిగిన అండర్-20 ప్రపంచ పోటీల్లో హర్డిల్సే పరిగెత్తింది. అక్కడితో ఆగి, 'నాది హర్డిల్స్, మిగతాది నాకెందుకు' అనుకుని ఉంటే ఆమెను తప్పుపట్టేవాళ్లు ఎవరూ లేరు. అలా అనుకోలేదు. నాగపురి రమేష్ అనే కోచ్ దగ్గర తక్కిన ఆరూ నేర్చుకుంది. రెండేళ్లు తిరిగేసరికి, 2023లో చైనాలోని హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో హెప్టాథ్లాన్‌కి దిగింది. అప్పటికి ఆమెకి ఇరవై ఏళ్లు.

ఆ పోటీ గురించి కాస్త వివరంగా చెప్తాను, ఇందులో నీకు పనికొచ్చేది ఉంది. అదే పోటీలో మన దేశం నుంచే స్వప్నా బర్మన్ కూడా ఉంది. స్వప్న సామాన్యురాలు కాదు. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో హెప్టాథ్లాన్ బంగారు పతకం ఆమెదే, 6026 పాయింట్లతో. రెండు కాళ్లకీ ఆరేసి వేళ్లతో పుట్టి, కాలికి సరిపడే బూట్లు దొరక్క నానా అవస్థలు పడి అంత దూరం వచ్చిన మనిషి. హాంగ్‌ఝౌలో ఏడు ఈవెంట్లూ అయ్యాక లెక్క తేలింది. నందినికి 5712. స్వప్నకి 5708. మూడో స్థానానికీ నాలుగో స్థానానికీ మధ్య నాలుగు పాయింట్లు.

నాలుగు పాయింట్లంటే ఎంతో నీకు తెలియాలని రాత్రి కూర్చుని పాయింట్ల పట్టిక పెట్టుకుని లెక్కేశాను. వాళ్ల స్థాయిలో 800 మీటర్ల పరుగులో అది సెకనులో మూడో వంతు కూడా కాదు. లాంగ్ జంప్‌లో అయితే ఒకటిన్నర సెంటీమీటరు లోపు, నీ చిటికెన వేలి గోరు వెడల్పు. రెండు రోజుల పాటు ఏడు రకాల కష్టం పడితే ఆఖరికి పతకం గోరు వెడల్పు దగ్గర తేలింది. ఆ నాలుగు పాయింట్లు నందిని ఎక్కడ సంపాదించుకుందంటావు? హర్డిల్స్‌లో కాదు, అది ఆమెకి ముందే వచ్చు. తనకి రానివాటిని కూడా వదలకుండా పట్టుకోవడంలో సంపాదించుకుంది.

తర్వాత 2025 మే నెలాఖర్లో దక్షిణ కొరియాలోని గుమిలో ఆసియా అథ్లెటిక్స్ ఛాంపియన్‌షిప్. అక్కడ నందిని 5941 పాయింట్లతో బంగారు పతకం తెచ్చింది. ఆ పోటీ నేను ఫోన్లో చూశాను. మెడలో పతకం వేస్తుంటే నీ వయసు పిల్లలు నాకు ఎంతమంది గుర్తొచ్చారో. అన్నీ ఆడతానని వచ్చి, నేనూ నాలాంటి వాళ్లూ ఒక్కదానికి కట్టేసిన పిల్లలు.

ఇప్పుడు నీ లెక్క చూద్దాం. ఆరో తరగతి నుంచి సెలవుల్లో ఇంటికొచ్చినప్పుడల్లా హైస్కూలు గ్రౌండులో నిన్ను దూకించి, టేపు పట్టి కొలిచి రాసుకున్న నోటుబుక్కు ఉంది గదా, దాంట్లోంచి తీశాను. లాంగ్ జంప్ 4.90 మీటర్లు. పట్టిక ప్రకారం 532 పాయింట్లు. హైజంప్ 1.40, అదీ ఇసుకలోకి కత్తెర గెంతు, పరుపు ఎలా ఉంటుందో నువ్వు చూడను కూడా చూడలేదు. దానికి 512. 200 మీటర్లు 27 సెకన్లు, 712 పాయింట్లు. 800 మీటర్లు 2 నిమిషాల 34 సెకన్లు, 644. నా చేతి వాచీ టైము కాబట్టి కాస్త అటూ ఇటూ ఉండొచ్చు. నాలుగూ కూడితే 2400. హెప్టాథ్లాన్ అనే మాట వినకముందే, దానికోసం ఒక్కరోజు కూడా ప్రాక్టీసు చెయ్యకుండానే, ఏడింట్లో నాలుగు నీ దగ్గర ఉన్నాయి. ఇంకా మూడు నువ్వు ముట్టుకోనేలేదు.

ఆ మూడిట్లో షాట్‌పుట్ ఉంది. నీ వయసు ఆడపిల్లలకి మూడు కిలోల గుండు, పెద్దయ్యాక నాలుగు. విసిరేది కాదది, మెడకానించుకుని నెట్టాలి. మీ అవ్వతో పాటు బావి దగ్గర్నుంచి బిందెలు మోసిన భుజం నీది, నేర్చుకుంటావు. జావెలిన్‌కి నీ వయసులో 500 గ్రాముల ఈటె ఇస్తారు. స్టేషను వెనకాల చింతచెట్ల మీదికి రాళ్లు విసిరి కాయలు రాల్చడంలో నీ చెయ్యి ఎలాంటిదో నాకు తెలుసు. మీ మామతో పందెం కట్టి వాణ్ని ఓడించావు కూడా. ఆ చెయ్యే. మోచెయ్యి ముందు రావాలి, చెయ్యి తర్వాత రావాలి, అంతే.

హర్డిల్స్ ఒక్కటే కొంచెం భయపెడుతుంది. మీ వయసు వాళ్లకి 76 సెంటీమీటర్ల ఎత్తు పెడతారు, పెద్దవాళ్లకి 84. పది హర్డిల్స్. గీత నుంచి మొదటిదానికి 13 మీటర్లు, ఆపైన ఒకదానికీ ఒకదానికీ మధ్య ఎనిమిదిన్నర మీటర్లు. ఆ ఎనిమిదిన్నర మీటర్లలో సరిగ్గా మూడు అడుగులే వెయ్యాలి. నాలుగు పడితే కాలు మారిపోతుంది, లయ పోతుంది. మొదట్లో అందరికీ నాలుగో ఐదో పడతాయి. భయపడకు. తక్కువ ఎత్తులో, దగ్గర దగ్గరగా పెట్టి మొదలుపెట్టమని సారుని అడుగు. వెదురు బద్ద రెండు ఇటుకల మీద పెట్టినా చాలు, నేనలాగే నేర్పాను.

ఖోఖో మానెయ్యమన్నారు గదా. నీకు హర్డిల్స్ వస్తే అది ఖోఖో వల్లే వస్తుంది, నా మాట నమ్ము. ఛేజింగ్‌లో కూచున్న ఎనిమిది మంది ఒకరు అటు, ఒకరు ఇటు ముఖం పెట్టి ఉంటారు. 'ఖో' వినపడగానే లేచి, తీసుకున్న దిక్కు మార్చకుండా దూసుకుపోవాలి. వెనక్కి తిరిగితే ఫౌల్. అంటే మొదటి అడుగు ఎటు, ఎంత, ఏ కాలితో అని ఆలోచించే తీరిక నీకు ఎప్పుడూ ఉండదు, కాలే ఆలోచిస్తుంది. రన్నింగ్ చేసేటప్పుడు పోల్ చుట్టూ తిరిగి ఆగి మళ్లీ పరుగందుకుంటావే, ఆ ఆగడం నేర్పడం నావల్ల కాదు, ఏ కోచ్ వల్లా కాదు. ఆటే నేర్పాలి. 2025 జనవరిలో ఢిల్లీలో ఖోఖోకి మొట్టమొదటి ప్రపంచ కప్ జరిగితే మన ఆడపిల్లలు ఫైనల్లో నేపాల్ మీద 78-40తో గెలిచారు. మన ఊళ్లలో సాయంత్రాలు ఆడుకునే ఆట ప్రపంచ కప్పు దాకా పోయింది. దాన్ని 'టైంపాస్' అని ఎవరైనా అంటే ఊరుకోవద్దు.

'రెండు పడవల మీద కాళ్లు పెట్టినవాళ్లు ఎవరు బాగుపడ్డారు' అని మీ పెదనాన్న కూడా అన్నాడట. అడిగాడు కాబట్టి చెప్పు. కోటా రామస్వామి అని మద్రాసులో తెలుగు కుటుంబంలో పుట్టినాయన, బుచ్చిబాబు నాయుడు గారి అబ్బాయి. 1922లో మన దేశం తరఫున డేవిస్ కప్ టెన్నిస్ ఆడాడు. పద్నాలుగేళ్ల తర్వాత, 1936లో, నలభై ఏళ్ల వయసులో ఇంగ్లండులో మాంచెస్టర్‌లో దేశం తరఫున తన మొదటి టెస్ట్ మ్యాచ్ ఆడి రెండు ఇన్నింగ్స్‌లో 40, 60 కొట్టాడు. ఇంకొకావిడ అమెరికాలో, బేబ్ డిడ్రిక్‌సన్. 1932లో వాళ్ల దేశపు అథ్లెటిక్స్ పోటీకి ఒక కంపెనీ జట్టుగా ఆమె ఒక్కతే వచ్చి, ఇరవైరెండు మంది ఉన్న జట్టును రెండో స్థానానికి నెట్టి టీం ఛాంపియన్‌షిప్ పట్టుకుపోయింది. ఆ ఏడే లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో హర్డిల్స్‌లో, జావెలిన్‌లో బంగారం, హైజంప్‌లో వెండి. తర్వాత గోల్ఫ్ మొదలుపెట్టి అందులోనూ అమెరికా ఓపెన్ మూడుసార్లు గెలిచింది. మన కాలంలో ఆస్ట్రేలియా ఎలిస్ పెర్రీ ఉంది, క్రికెట్లోనూ ఫుట్‌బాల్లోనూ ప్రపంచ కప్‌లు ఆడిన మనిషి. పదహారేళ్లకే రెండు ఆటల్లోనూ దేశానికి ఆడింది.

వాళ్లంతా పెద్ద ఊళ్ల వాళ్లు అంటావేమో. మన ఉమ్మడి అనంతపురం జిల్లాలోనే నార్పల మండలం బండ్లపల్లి ఉంది. ఉపాధి హామీ పథకం 2006లో మొదలైన ఊరు. ఆ ఊరి పిల్ల బారెడ్డి అనూష 2023 జులైలో బంగ్లాదేశ్ మీద భారత జట్టుకి ఆడింది. ఎడమచేతి స్పిన్నరు. అనంతపురంలో ఆర్డీటీ సంస్థ వాళ్ల స్పోర్ట్స్ అకాడమీలో తయారైంది. ఒకసారి పిల్లల్ని తీసుకుని ఆ అకాడమీకి పోయాను. ఒక పక్క క్రికెట్, ఒక పక్క హాకీ, అటు ఫుట్‌బాల్, ఇటు జూడో, టెన్నిస్. ఒక ఆట పిల్లలు ఇంకో ఆటను గోడ పక్కన నిలబడి నోరు తెరుచుకుని చూస్తున్నారు. ఆ చూపులోంచే సగం నేర్చుకుంటారని నాకు అప్పుడు అనిపించింది. మన దగ్గర వాన తక్కువ, నేల రాయి, పచ్చిక గ్రౌండు మాట అటుంచు, సమంగా ఉన్న గ్రౌండే దొరకదు. అయినా ఈ నేల మీద పరిగెత్తిన కాళ్లకి ఎక్కడైనా గట్టిగా నిలబడటం వస్తుంది.

జె.జె. శోభ పేరు కూడా గుర్తుపెట్టుకో. కర్ణాటక ఆడబిడ్డ, సికింద్రాబాద్‌లో స్థిరపడింది. 2003లో హైదరాబాదులో ఆఫ్రో-ఏషియన్ క్రీడలు జరిగినప్పుడు హెప్టాథ్లాన్ మధ్యలో చీలమండ దెబ్బతిని ఆమెను మోసుకుపోయారు. కట్టు కట్టించుకుని వచ్చి ఆఖరి 800 పరిగెత్తింది. బంగారు పతకం. ఆ మరుసటేడు ఆమె పెట్టిన 6211 పాయింట్ల జాతీయ రికార్డును గుమిలో నందిని కూడా అందుకోలేదు. ఆ రోజు టీవీ ముందు మన వీధి వీధంతా నిలబడి చూసింది, మీ అమ్మకి అప్పుడు నీ వయసే. కానీ ఒకటి. ఆమెకి తన ఒళ్లు తెలుసు, డాక్టర్లు పక్కనున్నారు. నువ్వు నొప్పితో పరిగెత్తొద్దు. మోకాలి చిప్ప కింద ఎముక ఉబ్బి నొప్పిగా ఉంటే, పిక్క ముందు వేలితో నొక్కితే ఒకే చోట సూదిలా పొడిస్తే, ఆ రోజే సారుకి చెప్పు. ఓర్చుకోమంటే 'మా తాత ఓర్చుకోవద్దన్నాడు' అని చెప్పు. నన్ను ముందు పెట్టు.

ఇక్కడ మీ అవ్వ చెప్పమన్న మాట ఒకటి రాస్తున్నా. నెలసరి రోజుల్లో సిగ్గుపడి చెప్పకుండా బరువైన ప్రాక్టీసు చెయ్యొద్దంట. ఒంట్లో బాగుంటే ఆడు, ఆడకూడదని ఏమీ లేదు, కళ్లు తిరిగితే మాత్రం ఆగు. మీ మేడంతో సూటిగా చెప్పు, ఇందులో దాచాల్సింది ఏమీ లేదు. రెండు మూడు నెలలు వరసగా రాకపోయినా చెప్పు. తిండి చాలక, ఆట ఎక్కువై కూడా అలా అవుతుంది. రక్తం తక్కువైతే ఎంత ప్రాక్టీసు చేసినా 800లో రెండో రౌండుకి కాళ్లు బరువెక్కుతాయి. గుడ్డు ఇచ్చిన రోజు పక్కపిల్లకి ఇచ్చేయొద్దు. ఆకుకూర తీసి పక్కన పెట్టొద్దు. రాగిసంగటి పెడితే రెండో ముద్ద అడుగు.

అన్నీ ఆడమన్నానని ఒకే రోజు అన్నీ ఆడమన్నట్టు కాదు. పొద్దున లాంగ్ జంప్, సాయంత్రం కబడ్డీ, రాత్రి 800 అంటే అది నా మొదటి తప్పుకి తమ్ముడు. వారంలో ఒకరోజు పూర్తిగా వదిలెయ్, ఆ రోజు బట్టలుతుక్కో, నిద్రపో. ఖోఖో పోటీలున్న నెలలో ఖోఖో ముందు. అవి అయ్యాక అథ్లెటిక్స్ ముందు. డిసెంబరు నుంచి పదో తరగతి పరీక్షలు అయిపోయేదాకా పుస్తకం ముందు, పొద్దున గంట మాత్రం ఒళ్లు కదిలించు. లెక్కల్లో వెనకబడ్డావని మీ అమ్మ అంటోంది. నీ పాయింట్లు నువ్వే కూడుకోవడం మొదలుపెట్టు, దశాంశాలు వాటంతటవే వస్తాయి.

నువ్వు 800 అంటే భయమని మీ అమ్మతో అన్నావంట. గెలిచిన తర్వాత కూడా భయమే అన్నావంట. అది నాకు నచ్చింది. లాంగ్ జంప్ నీకు ఇష్టం, ఇష్టమైనదాన్ని ఎవరైనా చేస్తారు. 800 రెండో రౌండులో గొంతు ఎండిపోయి, చేతులు రాయిలా అయిపోయి, ఇంకా మూలమలుపు ఉందనుకున్నప్పుడు కూడా నువ్వు ఆగలేదు. మొదటి రౌండు మరీ దూకుడుగా పోతున్నావని నా అనుమానం. నీ 2:34లో మొదటి 400 ఎంతో, రెండో 400 ఎంతో సారుని విడివిడిగా రాయమను. తేడా ఆరు సెకన్ల కంటే ఎక్కువుంటే మొదటి రౌండు ఒక్క సెకను తగ్గించి చూడు. టైము బాగుపడుతుందో లేదో నాకు రాసి పంపు.

ఇక సారుతో ఎలా చెప్పాలో. గట్టిగా ఎదురు మాట్లాడొద్దు, తలొంచుకుని ఒప్పుకోనూ వద్దు. ఈ ఉత్తరం చూపించు. 'సార్, నేను ఒక్కటి తేల్చుకున్నాను, అది హెప్టాథ్లాన్, దానికి నాకు అన్నీ కావాలి, ఖోఖో జట్టులో మాత్రం ఈ ఏడాది ఉండనివ్వండి' అని చెప్పు. హర్డిల్స్, గుండు లేవంటే నా పేరు చెప్పి ఫోన్ చెయ్యమను. ఇక్కడ నా దగ్గర పాత గుండు ఒకటి తుప్పుపట్టి ఉంది, రుద్ది పెడతాను. మీ అమ్మ రెండో ఆదివారం వచ్చినప్పుడు సంచిలో పెట్టి పంపిస్తా, బరువని మీ అమ్మ సణుగుతుంది, నువ్వు బస్సు దగ్గరికే ఎదురెళ్లు.

నోటుబుక్కు కూడా పంపిస్తున్నాను. ఆరో తరగతిలో నీ మొదటి గెంతు 2.95 మీటర్లు, గీత తొక్కావని నేను ఒప్పుకోలేదు, నువ్వు అలిగి మూడు గంటలు మాట్లాడలేదు, అదీ రాసి ఉంది. ఇప్పటిదాకా నేను రాశాను. ఇకనుంచి నువ్వు రాసుకో. కొత్త పేజీలో ఏడు గళ్లు గీశాను. నాలుగు గళ్లలో నీ అంకెలు పెన్నుతో వేశాను. హర్డిల్స్, షాట్‌పుట్, జావెలిన్ గళ్లు ఖాళీగా ఉన్నాయి. వాటిలో మొదటి అంకె ఎంత తక్కువైనా సరే సిగ్గుపడకుండా తేదీతో సహా వెయ్యి.

నీ బూటు సైజు పోయినసారి ఐదు. ఇప్పుడు ఆరు అయి ఉంటుందని మీ అవ్వ అంటోంది. కాగితం మీద పాదం పెట్టి పెన్సిలుతో చుట్టూ గీసి, రెండు పాదాలూ, మీ అమ్మకిచ్చి పంపు. ధర్మవరం పోయినప్పుడు తీసుకొస్తాను.

ఉంటాను.

మీ తాత